ఎండలో తెలుపు

పెట్టె అడుగున వేపాకు ఉంది, కర్పూరం బిళ్ల ఉంది, అత్తరు అద్దిన దూది ఉంది. గుడ్డ లేదు.

వలీబీ మళ్లీ ఒకసారి చెయ్యి పెట్టి వెతికింది. పెళ్లినాటి చీర తీసి పక్కన పెట్టింది. భర్త టోపీ తీసి కళ్లకద్దుకుని దాన్నీ పక్కన పెట్టింది. పెట్టె మొత్తం ఖాళీ అయింది. రేకు అడుగు చల్లగా చేతికి తగిలింది.

పోయినవాళ్లను తలుచుకునే షబేబరాత్ పండగ దగ్గర పడుతుందనగా ఏటా ఆమె ఆ గుడ్డను బయటికి తీస్తుంది. వసారా నీడలో దండెం మీద ఆరేసి, సాయంత్రానికి మడత మార్చి మళ్లీ పెట్టెలో పెడుతుంది. మడత మార్చకపోతే నూలు అక్కడే చివికి విరుగుతుంది. ఎండ తగలనివ్వదు. నీటి చుక్క పడనివ్వదు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు కనుక.

అది ఆమె కఫను. పోయాక ఆమెకు చుట్టాల్సిన గుడ్డ. దూదేకులవాడైన భర్త నూర్ మహమ్మద్ తన ధనుస్సుతో ఏకిన దూది, ఆమె వడికిన నూలు, మగ్గం మీద నేయించిన తాను. జగ్గయ్యపేట నుంచి హజ్‌కు వెళ్లిన పెద్దాయన ఒకరి చేతికిచ్చి, అక్కడ మక్కాలో పవిత్రమైన జంజం బావి నీళ్లలో తడిపించి, ఆరబెట్టించి తెప్పించుకుంది. అలా తెచ్చుకున్న గుడ్డను మళ్లీ ఉతకరు. ఆ నీళ్లు ఇంకా ఆ నూలులోనే ఉన్నాయని నమ్ముతారు. నేతలోంచి వచ్చినప్పుడే మీగడ రంగు, పెట్టెలో ఉండి ఉండి ఇంకాస్త ముదిరింది. ఆ రంగును చూసినప్పుడల్లా వలీబీకి చావు పెద్ద విషయం కాదనిపించేది.

కోడలు షాజాది వసారాలో చాప మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"షాజాదీ, నా గుడ్డ ఏదే?"

షాజాది తల ఎత్తలేదు. "ఆయన తీసుకెళ్లారత్తా."

"ఎప్పుడు?"

"నువ్వు మీ చెల్లెలింటికి పెనుగంచిప్రోలు పోయినప్పుడు. నేను వద్దన్నా. అత్తని అడిగి తీసుకోండి అన్నా. అడిగితే ఇవ్వదుగా అన్నారు."

"ఎందుకంట?"

"కొట్లోకి. ఆ తెల్లపొడి వచ్చిందిగా, హంస బొమ్మ పేకెట్టు. అది జనానికి చూపించాలంట. పసుపెక్కిన పాత తెల్లగుడ్డ, పెద్దది కావాలంట." షాజాది మిరపకాయ ఘాటుకో, మరెందుకో ముక్కు తుడుచుకుంది. "ముందు లాండ్రీలో ఇచ్చి ఉతికించారత్తా."

"ఉతికించాడా?"

"సబ్బు పెట్టి."

వలీబీ గుమ్మం మీదే కూర్చుండిపోయింది. కొడుకు దొంగ కాదు. దొంగయినా బాగుండేది. దొంగకు తను చేసేది తప్పని తెలుసు, ఎవరైనా చూస్తారేమోనని భయపడతాడు. అయూబ్ పట్టపగలు, పెళ్లాం చూస్తుండగా, తల్లి పెట్టె తెరిచి తల్లి కఫను చంకన పెట్టుకుని, మంచిపని చేస్తున్నానన్న నమ్మకంతో ఈల వేసుకుంటూ వెళ్లి ఉంటాడు.

ఆమె లేచి, తలమీదుగా తెల్లటి పైగుడ్డ కప్పుకుని వీధిలోకి దిగింది.

అయూబ్ కొట్టు బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఉంది. బట్టల సబ్బులు, నీలిమందు, పటిక, కొబ్బరితాళ్లు అమ్ముతాడు. ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కూడా ఉండని కొట్టు ముందు ఈరోజు జనం మూగి ఉన్నారు. నందిగామ బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా మూటలు చంకన పెట్టుకుని ఇటే వచ్చేశారు.

పందిరి రాటల మధ్య తాడు కట్టి, దాని మీద ఆమె కఫనును నిలువునా వేలాడదీశారు. ఎడమవైపు సగం మీగడ రంగులో ఉంది. కుడివైపు సగం కళ్లు చెదిరేటంత తెల్లగా ఉంది. మామూలు తెలుపు కాదు, లోపల ఎక్కడో సన్నగా నీలం వెలుగుతున్నట్టుంది. ఎదురెండ పడుతుంటే అటు తేరిపార చూడలేకపోతున్నారు. రెండు సగాల మీదా రెండు అట్టముక్కలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. 'ముందు' అని ఒకదాని మీద, 'తర్వాత' అని ఇంకోదాని మీద.

కఫనుకు గుండుసూది గుచ్చారు. వలీబీకి అది తన ఒంట్లోనే దిగినట్టయింది.

టెరిలిన్ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు ఒక బల్లపీట ఎక్కి చెబుతున్నాడు. నందిగామ నుంచి వచ్చిన కంపెనీ ఏజెంటు, పేరు భవానీప్రసాద్. గొంతు బాగుంది, చెప్పే తీరూ బాగుంది.

"ఇది సబ్బు కాదండి, నీలిమందూ కాదు. నీలిమందేం చేస్తుంది? పసుపును నీలంతో కప్పుతుంది, అంతే, గుడ్డ కాస్త మసకేస్తుంది. ఇది అట్టా కాదు. ఎండలో మన కంటికి కనపడని వెలుతురు ఒకటుంటుందండి. ఈ పొడి దాన్ని పట్టేసి, నీలం వెలుగు చేసి బయటికి వదుల్తుంది. వచ్చిన వెలుతురు కన్నా ఎక్కువ వెలుతురు గుడ్డ మీదనుంచి మీ కంటికొస్తుంది. అందుకే తెలుపు కన్నా తెలుపు!"

"మరి మురికో?" అని ఎవరో అడిగారు.

"మురికి సంగతి సబ్బు చూసుకుంటుందండి. సబ్బు మురికిని తీసుకుని నీళ్లతో వెళ్లిపోతుంది. ఇది వెళ్లదు. నూలును పట్టుకుని ఉండిపోతుంది. అదే దీని గొప్ప."

పెనుగంచిప్రోలు నుంచి మిరపకాయలు వేసుకుని వచ్చిన బసవమ్మ అనే రైతు ఇల్లాలు ముందుకొచ్చి, కుడివైపు గుడ్డను చేత్తో నిమిరి, చెంపకు ఆనించుకుంది. "అబ్బ, ఏం తెల్లగుందమ్మా" అంది.

అయూబ్ తల్లిని అప్పుడు చూశాడు. గబగబా పక్కకొచ్చాడు. మొహంలో భయం లేదు, సిగ్గు లేదు. పిల్లవాడు పలక చూపించడానికి వచ్చినట్టు వచ్చాడు.

"చూశావామ్మా నీ గుడ్డ? గుర్తుపట్టగలిగావా?"

"దింపు."

"ఎల్లుండి సంత అయిపోగానే దింపేస్తా. కంపెనీ పెద్దాయన బెజవాడ నుంచి వస్తన్నాడు. బాగా అమ్మి చూపిస్తే నందిగామ, కంచికచర్ల ఏజెన్సీ కూడా మనకే ఇస్తారు. ఆ తర్వాత మిగతా సగం కూడా ముంచి ఇస్తా. మొత్తం ఒక్కటే తెలుపు. ఊళ్లో ఎవరికీ ఉండదు అట్టాంటి కఫను."

చుట్టూ అంతా పరాయివాళ్లే. వలీబీ నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. అందరి ముందూ కొడుకును తిట్టడం ఆమెకు చేతకాలేదు. వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. సగం దూరం వచ్చాక, తనెందుకు ఊరుకుందో తనకే తెలియక, తనమీద తనకే ఒళ్లు మండింది. పోయింది తన గుడ్డ. సిగ్గుపడిందీ తనే. ఇదెక్కడి న్యాయం?

సాయంత్రం అయూబ్ అన్నానికి కూర్చున్నాడు. షాజాది వడ్డించి గోడకు ఆనుకుని నిలబడింది. వలీబీ మంచం మీదినుంచి లేవలేదు.

"నీ మంచికేనమ్మా చేసింది" అన్నాడు అయూబ్, ముద్ద కలుపుతూ. "రేపు నలుగురూ వచ్చి చూస్తారు. ఆ పసుపుపచ్చ గుడ్డ చూసి ఏమనుకుంటారు? కొట్టు పెట్టుకున్నాడు, తల్లికి మాసిన గుడ్డ చుట్టాడంటారు. నాకు తలవంపులు కాదా?"

"మాసిందా?" వలీబీ లేచి కూర్చుంది. "ఏరా, మాసిందా అది? అది దూది రంగురా. కాయ పగిలినప్పుడు దూది ఏ రంగులో ఉంటదో చూశావా ఎప్పుడన్నా? మీ నాన్న బతికినన్నాళ్లు ఆ రంగు నుసిలోనే కూర్చుని, ఆ నుసే పీల్చి, ఆ నుసికే దగ్గి దగ్గి పోయాడు. దాన్ని నువ్వు మురికంటావా? మురికికీ రంగుకీ తేడా తెలియనోడివి సబ్బుల కొట్టెందుకు పెట్టావురా?"

"కోప్పడితే ఎట్టామ్మా? ఇప్పుడందరూ తెలుపే అడుగుతున్నారు."

"అడిగేవాళ్లకి అమ్ముకో. నేనడిగానా?"

"అది కాదు..."

"దాంట్లో జంజం నీళ్లున్నాయిరా."

అయూబ్ చెయ్యి కంచంలో ఆగింది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. తెలిసినా, అప్పుడెప్పుడో ఆరిపోయిన నీళ్లు ఇంకా ఉంటాయా అనుకున్నాడు. ఆ మాటే పైకి అనబోయి, తల్లి మొహం చూసి, అనలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు వలీబీ కొడుకుతో మాట్లాడలేదు. అతను కొట్టుకు వెళ్లేటప్పుడు "వస్తానమ్మా" అంటే బదులివ్వలేదు. మిరపకాయల చాప దగ్గర కోడలికెదురుగా కూర్చుని ఆమె కూడా తొడిమలు తీసింది. గోళ్లు మండుతున్నా ఆపలేదు.

సంత రోజున ఎండ బాగా కాసింది. అయూబ్‌కు అదే కావాలి. వలీబీ పొద్దెక్కేసరికి కొట్టు దగ్గరికి వచ్చింది. ఖాళీ సబ్బుల పెట్టె ఒకటి బోర్లించి, సరిగ్గా తన కఫను కింద వేసుకుని కూర్చుంది.

అమ్మ మెత్తబడిందనుకున్నాడు అయూబ్. కొడుకు సంబరం చూస్తే ఆమెకు జాలి వేసింది, ఒళ్లూ మండింది. టీ తెప్పించాడు. ఆమె తాగలేదు, పక్కన పెట్టింది.

సంతలో కొనుక్కున్నవాళ్లు, అమ్ముకున్నవాళ్లు వరసగా వచ్చారు. పేకెట్లు పోతూనే ఉన్నాయి. భవానీప్రసాద్ పీటెక్కి కనపడని వెలుతురు గురించి చెబుతూనే ఉన్నాడు. కంపెనీ పెద్దాయన కుర్చీలో కూర్చుని, తలాడిస్తూ సోడా తాగుతున్నాడు. ఇంతలో బసవమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి వెంట ఇంకొందరు ఆడవాళ్లున్నారు. రెండు పేకెట్లు చేతిలో పట్టుకుని, గుడ్డను మళ్లీ చెంపకానించుకుని, వాళ్లకు చూపిస్తూ నవ్వింది. అప్పుడు కింద కూర్చున్న ముసలామెను చూసింది.

"పిన్నమ్మా, ఎవరిదీ గుడ్డ? ఇంత పాతదాన్ని ఇంత తెల్లగా ఎట్టా చేశారు?"

"నాదేనమ్మా" అంది వలీబీ.

"చీరా? పైపంచా?"

"కాదమ్మా. నేను పోయాక నాకు చుట్టే గుడ్డ."

బసవమ్మ చెయ్యి గుడ్డ మీద నుంచి ఊడి కిందికి జారింది. చెంప మీద కొంగు పెట్టి గట్టిగా తుడుచుకుంది. "అయ్యో రామ! శవం గుడ్డా!" అంటూ వెనక్కి జరిగింది. జరుగుతూ చేతిలోని పేకెట్లు బల్ల మీద పడేసింది.

మాట సంతలో పాకడానికి ఎంతసేపు? ముందున్నవాళ్లు వెనక్కి నెట్టుకున్నారు, వెనకున్నవాళ్లు ఏమైందో అడిగి తామూ వెనక్కి తగ్గారు. కొన్నవాళ్లలో ఒకరిద్దరు తిరిగొచ్చి, పేకెట్టు ముట్టుకోకుండా కొంగుతో పట్టుకుని బల్ల మీద పెట్టిపోయారు. ఇందాకటిదాకా చెంపకానించుకున్న తెలుపును ఇప్పుడు కళ్లతో చూడడానికి కూడా జంకుతున్నారు.

వలీబీ నిజం చెప్పాలనుకుంది కానీ ఇది కావాలనుకోలేదు. ఆ చెంప తుడుచుకోవడం చూసి ఆమెకు ఒళ్లంతా కోపం పాకింది.

"నేనింకా బతికే ఉన్నా తల్లీ" అంది గట్టిగా. "ఆ గుడ్డ ఇంతవరకూ ఏ శవాన్నీ తాకలేదు. మక్కా పోయొచ్చిన గుడ్డ. దానికంటిన మైల ఏదన్నా ఉంటే అది ఈ కొట్టుకొచ్చాక అంటిందే."

వినేవాళ్లెవరూ లేరు. బసవమ్మ అప్పటికే గుంపులో కలిసిపోయింది. భవానీప్రసాద్ పీట దిగాడు.

"ఏంటండి అయూబ్ గారూ ఇది! ముందే చెప్పొద్దూ? మా పరువు పోయిందండి" అన్నాడు. పెద్దాయన సోడా సీసా కింద పెట్టి లేచాడు. వీధి దాటి ఎదుటి కొట్టు మెట్లెక్కి, అక్కడి షావుకారును పలకరించాడు. భవానీప్రసాద్ సూట్‌కేసు పట్టుకుని ఆయన వెనకే వెళ్లాడు.

అయూబ్ రెండడుగుల్లో వచ్చి అట్టముక్కలు రెండూ లాగి పారేశాడు.

"కడుపు కొట్టావు కదమ్మా! కొట్టు ముందు కూర్చుని నీ చావు కబురు చెప్పుకోవాలా? నీకిప్పుడు చల్లగుందా?"

"కబురు నేను చెప్పలేదురా" అంది వలీబీ. "నువ్వు తాడు మీద వేలాడేశావు. అదేందని అడిగారు. అబద్ధం చెప్పమన్నావా?"

అతను కొట్లోకి పోయి తిరిగొచ్చిన పేకెట్లను అలమరలోకి విసురుగా సర్దడం మొదలుపెట్టాడు. ఇంటికి పొమ్మని ఒకసారి అన్నాడు. ఆమె కదల్లేదు. సంత పలచబడింది. ఎద్దుబళ్లు ఒక్కొక్కటే కదిలాయి. ఎదుటి కొట్లో ఇంకో తాడు కడుతున్నారు. చలికాలపు పొద్దు, చూస్తుండగానే కిందికి జారిపోయింది. బజార్లో కరెంటు కూడా పోయింది. అయూబ్ లాంతరు వెలిగించి బయటికి తెచ్చాడు, గుడ్డ దింపి కొట్టు కట్టేద్దామని.

"అయూబ్" అంది వలీబీ. సాయంత్రం నుంచి ఆమె మాట్లాడడం అదే. "ఏది తెల్లది?"

"ఏంటి?"

"నువ్వు ముంచిన సగం ఏదిరా?"

"ఇదిగో ఈ..." అంటూ అతను లాంతరెత్తాడు. కుడివైపు చూపించబోయి ఆగిపోయాడు. మధ్యాహ్నం గాలికి గుడ్డ తాడు మీద మెలిపడి తిరిగింది. అట్టముక్కలు కూడా లేవు. లాంతరు పసుపు వెలుగులో గుడ్డంతా ఒకే రంగులో ఉంది. అయూబ్ లాంతరును ఒక కొసకు దగ్గరగా పెట్టాడు. తర్వాత రెండో కొసకు పెట్టాడు. గుడ్డ పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఎక్కడ ముంచాడో ఆ గీత కోసం పైనుంచి కిందిదాకా వెతికాడు. ఊరంతా నోరు తెరుచుకుని చూసిన తెలుపు అతనికి దొరకలేదు.

"ఎండలేక..." అన్నాడు నెమ్మదిగా. "ఎండలో తెలుస్తుంది."

"ఆ పిల్లాడు చెప్పాడుగా, నేనూ విన్నా. ఎండలో వెలుతురు పట్టుకుని మెరుస్తదంట." వలీబీ పెట్టె మీదినుంచి లేచి, మోకాళ్లు పట్టుకుని నిలబడింది. "రేపు నన్ను పెట్టేచోట ఎండుంటదారా?"

అయూబ్ లాంతరు కింద పెట్టాడు. తాడు ముళ్లు విప్పాడు. ఆమె సాయం చెయ్యలేదు. గుడ్డ చేతుల్లోకి వచ్చాక అది నేలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, తల్లి వైపు చూడకుండా అన్నాడు.

"హజ్‌కి పోయేవాళ్లు దొరికితే మళ్లీ పంపిస్తానమ్మా. మళ్లీ జంజం నీళ్లల్లో తడిపిస్తా."

"ముందున్న నీళ్లేం చేశారు?"

"లాండ్రీలో..."

"లాండ్రీలో ఎక్కడ పారబోశారు?"

లాండ్రీ నీళ్లు పోయే మురుగుకాలవ ఎటు పారుతుందో ఇద్దరికీ తెలుసు. వలీబీ గుడ్డ అతని చేతుల్లోంచి తీసుకుంది. నడిచినంత సేపూ దాన్ని గుండెకు పెట్టుకునే నడిచింది. అతను లాంతరు పట్టుకుని వెనక వచ్చాడు. పక్కకు రమ్మని ఆమె పిలవలేదు.

ఇంట్లో షాజాది చాప పరిచింది. అత్తాకోడళ్లు చెరో కొసా పట్టుకుని మడత పెట్టడానికి నిలబడ్డారు.

"చల్లనీళ్లల్లో జాడించనా అత్తా? పోతదేమో."

"పోదంట. నూలును పట్టుకుని ఉండేట్టే చేశారంట దాన్ని."

"పోనీ కొత్తది తెప్పిద్దామా? మగ్గం మీదది, చలువ చెయ్యనిది, ఏ మందూ పెట్టనిది?"

వలీబీ గుడ్డ వైపు చూసింది. చెయ్యి దాని మీదుగా పోనిచ్చింది. నూలులో అక్కడక్కడా ముడులు వేలికి తగిలాయి. కొత్తగా వడకడం నేర్చుకున్నప్పటి ముడులు. ఆ రోజుల్లో ఆ ముడులు చూసి నూర్ మహమ్మద్ ఎగతాళి చేసేవాడు.

"వద్దు. ఆయన ఏకిన దూదిలో నాకు మిగిలింది ఇదొక్కటే. దీంట్లోనే పోతా. రేపు పొద్దున ఎండలో చూసి మందు పెట్టిన వైపు ఏదో గుర్తు కుట్టుకో. నేను పోయాక ముక్కలుగా కత్తిరించేటప్పుడు ఒంటికి తగిలే ముక్కలన్నీ ఈ మందు లేని సగంలోంచి తియ్యి. మెరిసేది పైకి పెట్టు. చూసేవాళ్లకేగా అది."

"అట్టాగేనత్తా" అంది షాజాది.

"పెట్టె తాళం నీ దగ్గర పెట్టుకో. ఇంకొకళ్లకియ్యకు."

గుమ్మం బయట లాంతరు వెలుగు కదిలింది. అయూబ్ చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టబోతున్నాడు. వలీబీకి అతను వచ్చింది తెలుసు. గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు.

"మట్టి వాడే వెయ్యాలి, కొడుకుగా. వెయ్యనియ్యి, అడ్డం పడకు. గుడ్డ మాత్రం వాడి చేతికియ్యమాక."

అయూబ్ ఎత్తిన కాలు వెనక్కి తీసి, గుమ్మం అవతలే నిలబడిపోయాడు.